ఎడమ భుజం తడిపే గొడుగు

నేను ఒక నల్ల గొడుగుని. సికింద్రాబాదులో ఒక ఇరుకు కొట్టులో పుట్టాను. ఎనిమిది ఊచలు, ఒక స్ప్రింగు, వంకీ తిరిగిన చెక్క పిడి. మొదట ఒక బీమా ఏజెంటు దగ్గరున్నాను. వానకి నా కిందికి పరిగెత్తుకొచ్చిన వాళ్లకి ఆయన పాలసీల గురించి చెప్పేవాడు. సగం మంది వానే నయమని వెళ్లిపోయేవారు. ఒకరోజు హోటల్లో ఆయన నన్ను వదిలేసి పరాంకుశం సారు గొడుగు పట్టుకెళ్లాడు. అలా సారు పాలపడ్డాను.

సారు కాలేజీలో అడ్వర్టైజింగ్ చెబుతాడు. నాకో ఊచ వంగాక నన్ను బీరువాలో పెట్టి, ఏటా కొత్త పిల్లలకి వంతులవారీగా ఇవ్వడం మొదలుపెట్టాడు. వారం రోజులు నన్ను వాడాలి. ఆ తర్వాతే ప్రకటన రాసి గేటుకి అంటించాలి. అది చూసి బయటివాళ్లెవరైనా నన్ను తీసుకెళితే గెలిచినట్టు. నేను ఛత్రాన్ని, వాళ్లు ఛాత్రులు. కానీ మోసేవాళ్లు తక్కువ, మోసం చేసేవాళ్లు ఎక్కువ. నన్ను హాస్టల్ మూలన నిలబెట్టి, ‘నీలాకాశమే నీ నేస్తం’ అని రాసేసేవారు. తొమ్మిదేళ్లలో ఒక్కరూ రాలేదు.

ఈ ఏడు మూడోగా వంతు వచ్చింది కెజియాకి. నంద్యాల పిల్ల. ఈ చదువు నచ్చకపోతే బి.ఇడి.కి పోతానని ఫారం కూడా నింపి పెట్టుకుంది.

“మా ముసలి జేజి, యాడ్ కోర్సంటే ‘యాడ?’ అంటాది. యాడికి పోతాండానో నాకే తెలీట్లా,” అంది హాస్టల్ గదిలో తనతో ఉండే హసీనాతో. “వచ్చి నెలైంది. ఉప్పుని సంప్రదాయమంటారు, సబ్బుని ఆత్మవిశ్వాసమంటారు. ఒక్కదాన్నీ దాని పేరుతో పిలవరే.”

“ఒక్క వారం అబద్ధమాడితే నీ నోరేం అరగదులే,” అంది హసీనా.

కెజియా ఆడలేదు. నాలుగు వానల్లో నన్ను వేసుకుని తిరిగింది, నాలుగుసార్లూ నన్ను తిట్టింది. తర్వాత రాసింది: ‘పాత గొడుగు. ఎడమ భుజం తడుస్తుంది. మీట రెండుసార్లు నొక్కాలి. గాలికి తిరగబడదు. కావలసినవారు ఊరికే తీసుకెళ్లవచ్చు.’

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇది ప్రకటనా, ఫిర్యాదా?”

“వాడినాను సార్. ఇంతకన్నా బాగా చెప్పాలంటే ఇంకో గొడుగు గురించి చెప్పాల.”

సారు గమ్ము సీసా ఇచ్చాడు.

రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు కెజియా ఫారం చేతపట్టుకుని పోస్టాఫీసుకి బయల్దేరింది. తర్వాత వాళ్ల మాటల్లో విన్నాను, గేటు దగ్గర ఆకుకూరలమ్మే యాదమ్మ ఆ కాగితాన్ని వాచ్‌మన్‌తో రెండోసారి చదివించుకుంటోంది.

“నువ్వేనా బిడ్డా రాసింది? ఎడమ దిక్కే తడుస్తదా? పక్కానా?”

“పక్కా అవ్వా. నా భుజాన్నే అడుగు.”

“గట్లయితే నాకియ్యి. గంప ఎడమ సంకల పెట్టుకుంట. ఆకు తడవాలె, నేను తడవొద్దు.”

కెజియా ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసి, నన్ను తేవడానికి లోపలికి పరిగెత్తింది. సారు నా బదులు కెజియాకి బీరువాలోంచి ఇంకో వస్తువు తీసిచ్చాడు: నడిచి నడిచి ఆగిపోయే గోడ గడియారం.

“వారమంతా క్లాసుకి లేటుగా వస్తాను సార్. ముందే చెప్తాండా,” అందామె.

బయట చినుకులు మొదలయ్యాయి. యాదమ్మ నన్ను విప్పింది. ఇద్దరం బజారు దారి పట్టాం. గంపలో తోటకూర నింపాదిగా తడుస్తోంది.