బసప్ప అక్షరాలు

ఒకప్పుడు ఆదోని బజారులో ఏ అంగడి బోర్డు చూసినా అది నా చేతి రాతే. పత్తి వ్యాపారులు, ధాన్యం మండీలవాళ్లు నన్ను బోర్డుల తిమ్మయ్య అనేవారు. నా తలకట్టు పొడుగ్గా సాగి చివర చిన్న వంపు తిరిగేది. అది చూసి ఇది తిమ్మయ్య రాత అని ఊరంతా గుర్తుపట్టేది.

అప్పుడు దిగాడు బసప్ప. హొళగుంద మనిషి. ఇత్తడి గిన్నెల మీద పేర్లు చెక్కి బతికేవాడు. మా బజారులో కొత్తగా పెట్టిన అచ్చుకూటంలో సీసం అక్షరాల ఒత్తులు ఊరికే విరిగిపోతున్నాయని యజమాని తల పట్టుకుంటే, తాను వేరే అక్షరాలు చెక్కి ఇస్తానన్నాడట. గిన్నెలు చెక్కేవాడికి అచ్చుపని దేనికని నవ్వాను.

వాడు ఉక్కు ముక్క కొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కి, దీపం మసి పట్టించి, కాగితం మీద అద్ది చూసుకునేవాడు. నచ్చకపోతే మళ్లీ మొదలు. తలకట్టును పొట్టి చేశాడు. ఒత్తును అక్షరం కిందికి లాగి అతికించాడు. ఆ ఉక్కు అచ్చులతో పోతపోసిన సీసం అక్షరాల ఒత్తులు ఇక విరగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఆదోని శుభలేఖలు, ఎమ్మిగనూరు జాతర కాగితాలు, అక్కడి నేత చీరల మీది చీటీలు అన్నీ ఆ అక్షరాలే. పొరుగింటి పుల్లకూర రుచి కదా. చివరికి మండీ సుబ్బరామయ్య శెట్టి తన బోర్డును కూడా బసప్ప మాదిరి రాయమని నా మొహానే అన్నాడు. కూలి కావాలి, రాశాను. తరువాత అందరూ అదే మాట. ఏళ్ల తరబడి కళ్లల్లో నిప్పులు పోసుకుంటూనే రాశాను. వాడు ఎదురైనప్పుడల్లా బాగుండావా అన్నా అని పలకరించేవాడు. ఆ మంచితనం చూస్తే ఇంకా ఒళ్లు మండేది.

మొన్న ఎండాకాలం బసప్ప జ్వరంతో పోయాడు. లింగాయతులు కాబట్టి హొళగుందలో సమాధి చేశారు. రాతి మీద పేరు నన్నే రాయమని భార్య హులిగెమ్మ మనిషిని పంపింది. నేను సుద్దతో గీస్తే రాతిపనివాడు చెక్కుతాడు. దాచడమెందుకు, లోపల సంతోషించాను. ఇన్నాళ్లకు వాడి మాదిరి కావాలని అడిగేవాళ్లు లేరు. వాడి పేరే నా రాతలో శాశ్వతంగా ఉండిపోబోతోంది.

శ్రద్ధగా రాశాను. హులిగెమ్మ చాలాసేపు చూసి కళ్లు తుడుచుకుంది.

"ఆయప్పే రాసుకున్నెట్లుందన్నా."

వంగి చూశాను. పొట్టి తలకట్టు, కిందికి అతికిన ఒత్తు. తడిగుడ్డతో తుడిచేసి, నా పాత తలకట్టును గుర్తు తెచ్చుకుంటూ మళ్లీ రాశాను. చెయ్యి వినలేదు. ఇంకోసారి తుడిచాను. ఇంకోసారీ బసప్ప అక్షరాలే వచ్చాయి.

"ఎందుకన్నా తుడిపేది? మొదటిదే సరిగ్గా ఉండె గదా," అంది హులిగెమ్మ.

చెక్కుకోమని రాతిపనివాడికి చెప్పి పక్కకు జరిగాను. బసప్ప బతికుండగా కూడా వాడిని చూసి నేను అంతగా కుళ్లుకోలేదు.