తలవైపు తాడు

టోర్కిల్ ప్రభువుని పాతిపెట్టిన రోజు మా దీవిలో వీచిన గాలి సంగతి చెబితే మీరు నమ్మరు. పాదిరీగారు ఇక్కడ ప్రార్థన చదివితే ఐర్లండులో ఎవరో "ఆమెన్" అన్నారట.

ఆ కుటుంబంలో శాఖలు రెండు, బిరుదులు రెండు. పెద్ద శాఖది ప్రభువు బిరుదు. కొడుకు లేకపోతే కూతురికైనా వస్తుంది. చిన్న శాఖది సర్ బిరుదు; అది మగవాళ్ళకే. టోర్కిల్‌గారికి ఉన్నది ఒక్క కూతురు, ఎఫీ. చిన్న శాఖవాడు లాక్లన్ తన బిరుదు చాలక ప్రభువు బిరుదుమీద కూడా కన్నేశాడు. ఎడింబరో కోర్టు ఏమంటుందో గాని, మా ఊరి తీర్పు వేరు. శవపేటికని గోతిలోకి దించేటప్పుడు తలవైపు తాడు పట్టుకున్నవారే వారసులు. ఆడవాళ్ళు శ్మశానానికి రారు కదా, లాక్లన్ ధీమాగా ఆ తాడు అందుకున్నాడు. కాళ్ళవైపు తాడు నాది.

గోతిమీద పేటిక కింద అడ్డంగా వేసిన చెక్కలు లాగేశారు. బరువంతా తాళ్ళమీద పడింది. అంతలో గేటు కిర్రుమంది. తండ్రి బూట్లు తొడుక్కుని ఎఫీ వచ్చింది!

"ఇదేం చోద్యం ఎఫీ? ఇంటికెళ్ళి వచ్చినవాళ్ళకి టీ చూడు," అన్నాడు లాక్లన్.

"టీ మరుగుతోందిలే అన్నయ్యా. ఆ తాడు ఇటివ్వు."

"దించండ్రా!" అని మామీద అరిచాడు.

నా పక్కన తాడు పట్టుకున్న మర్డో గొంతు సవరించుకున్నాడు. "చేతులు పట్టేశాయి దొరా, కదలట్లేదు."

"నావీ అంతే," అన్నాను. మిగతావాళ్ళూ తాళ్ళు బిగబట్టి నిలబడ్డారు.

టోర్కిల్‌గారు బతికున్నప్పుడే ఆయన్ని చూస్తే గుర్రాలు కుంటడం మొదలెట్టేవి. ఇక ఓక్ పేటికతో కలిపి ఎంత బరువుంటారో మీరే ఊహించుకోండి. లాక్లన్ మెడ నరాలు తేలాయి. తడిసిన గ్లవ్‌లో తాడు సర్రున జారింది. పేటిక తలవైపు వంగింది. పాదిరీగారు కళ్ళు మూసుకున్నారు.

"నాన్నని పడేస్తావా, నాకిస్తావా?" చెయ్యి చాచే ఉంది ఎఫీ.

అతను మా మొహాలన్నీ చూశాడు. ఒక్కరం కూడా కళ్ళు దించలేదు. పెదవి కొరుక్కుని తాడు ఆమె చేతిలో పెట్టాడు.

ఆ బరువుకి ఎఫీ మోకాళ్ళు వంగాయి, మళ్ళీ నిలబడ్డాయి.

"దించండి," అంది.

దించాం.