జేజి వేళ్లకు తెలిసిన వరి

మా జేజి దస్తగిరమ్మ లేకుండా ఊర్లో వరి మళ్లలో కలుపు తీత మొదలు కాదు. లేతగా ఉన్నప్పుడు ఊదగడ్డి అచ్చం వరిలాగే ఉంటుంది. జేజి మాత్రం చూడకుండానే, వేళ్లతో తడిమి ఏది ఏదో చెప్పేది. ఆకు కాడను అంటుకునే మూలలో వరికి సన్నని తెల్లపొర, కాస్త నూగు ఉంటాయి. ఊదకు ఆ చోట ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. చిన్నప్పుడు నా వేలు పట్టుకొని నేర్పించింది.

ఈరోజు, దసరా సెలవులని, నేనూ ఆమెతో మడిలోకి దిగాను. వెనకే వస్తూ చూస్తే జేజి సాలులో ఊద నిలబడి ఉంది. ఆమె గట్టు మీద వేసిన కుప్పలో వరి ఉంది. షుగర్ వచ్చాక వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయని అంటుండేది గానీ, ఇంతగా మొద్దుబారాయని నాకు తెలియదు. గబగబా ఊద పెరికి, వరిని తిరిగి బురదలో నాటసాగాను.

అంతలో మడి యజమానురాలు కృష్ణవేణమ్మ వచ్చింది.

"ఎవురే వరి పెరికింది?"

పదిమందిలో ఎప్పుడూ నోరు విప్పని నేను, "నేనేనమ్మా" అన్నాను.

"శానా బాగుండాది! దస్తగిరమ్మ మనవరాలికి వరి తెలీదంట!" అంది. మడిలో కలుపు తీస్తున్న ఆడవాళ్లంతా నవ్వారు.

జేజి నవ్వలేదు. కుప్పలోంచి ఒక మొక్క తీసి ఆకు మూలను వేళ్లతో తడిమింది. తర్వాత అదే మూలను పెదవికి ఆనించుకుంది. పొర తగిలినట్టుంది, కళ్లు మూసుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక, మడిలోకి పోయేటప్పుడు చుట్టుకునే తన తలగుడ్డ నా చేతిలో పెట్టింది.

"సెలవులు అయిపోయేదంకా కలుపుకు నువ్వు పోమ్మే. నేనింక రాను."