బోల్టుల మీద పసుపు రంగు

ఇనుమును కోసే పెద్ద లేతు యంత్రం మీద నాలుగు టన్నుల ఇరుసు తిరుగుతోంది. మూడో కోతలో లొరెటా చేయి క్షణం ఆగింది.

"ఎందుకాగారు?" అన్నాడు వెనక నిలబడి కంపెనీ తరఫున ఆమె పనిని వీడియో తీస్తున్న కెమెరా మనిషి.

"ఊరికే."

ఊరికే కాదు. లేతు వేడెక్కాక కోత వెంట్రుకవాసి లోతుకు దిగుతుంది. ఎంతసేపటికి ఎంత వెనక్కి తీయాలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తన నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ వర్క్‌షాపులో పనిముట్ల పెట్టె ఎవరిది వాళ్ళు కొనుక్కుంటారు. అందులోని నోట్‌బుక్‌ను ఫోర్‌మన్ అయినా అడక్కుండా ముట్టడు.

మూడు వారాల కింద కంపెనీ అందరి నోట్‌బుక్‌లూ అడిగింది. ఇచ్చినవాళ్ళ ఉద్యోగాలు ఉంటాయని ఫోర్‌మన్ ఫిల్ చెవిలో ఊదాడు. పక్క యంత్రం మీద పనిచేసే గస్ పాపం నమ్మి ఇచ్చేశాడు. లొరెటా నమ్మలేదు. అడిగిన రోజే కంపెనీ అందరికీ పిజ్జా పెట్టింది. ఆమె ఎరిగినంతలో కంపెనీ పిజ్జా పెట్టింది అంతకుముందు రెండుసార్లే, రెండుసార్లూ జనాన్ని తీసేసే ముందే.

భోజనానికి వెళ్ళబోతూ జారిన గుడ్డ కోసం వంగింది. లేతును నేలకు బిగించిన బోల్టులన్నిటి మీదా పసుపు రంగు, ఇంకా తడి ఆరలేదు. ఆమె వేలికి అంటుకుంది. డ్రిల్లింగ్ యంత్రాన్ని విప్పి మెక్సికో ఫ్యాక్టరీకి పోయే లారీ ఎక్కించే ముందు దానికీ ఇలాగే పూశారు.

"తనిఖీ గుర్తులేమోనే," అన్నాడు గస్.

"తనిఖీకి నా లేతు కాళ్ళతో ఏం పనోయ్, అమాయకుడా!"

భోజనాలయ్యాక, ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్న ఫిల్ నోట్‌బుక్ అప్పగింత కాగితం పట్టుకుని వచ్చాడు.

"నీదొక్కటే మిగిలింది లొరెటా. ఫొటోలు తీసుకుని గంటలో ఇచ్చేస్తారు. నీ పేరు ఉంచే జాబితాలో ఉంటుంది, నా మాట నమ్ము."

ఆమె పసుపు అంటిన వేలు చూపించింది. "ఇదేంటి మరి?"

"నాకేం చెప్తారు వాళ్ళు?"

"పోనీ, జాబితాలో గస్ పేరుందా?"

ఫిల్ గస్ వైపు చూడకుండా కాగితం మడిచాడు. గస్ తన యంత్రం ఆపేసి ఇటే చూస్తున్నాడు.

లొరెటా నోట్‌బుక్ పెట్టెలో పడేసి తాళం వేసింది. "లేతు కంపెనీది, పట్టుకుపొమ్మను. ఇది నాది. ఇవ్వను."

"ఉద్యోగం పోతుందే!"

"ఇచ్చినా పోతుందిగా ఫిల్."

లేతు మళ్ళీ వేడెక్కింది. ఆమె కెమెరాకు అడ్డంగా వీపు పెట్టి నిలబడి, కోతను వెనక్కి తీసింది. ఎంత తీసిందో కెమెరా మనిషికి కనబడలేదు.