జారుముడి

అది మంచు కాదు, పొగ, ఎవరో వరి కొయ్యకాళ్లకి నిప్పు పెట్టారు, తెల్లారి ఇంతసేపైనా ఆకాశం బూడిద రాసిన పెనంలాగే ఉంది, అందులో ఒక మూల సూర్యుడు రాగిబిళ్లలా అతుక్కుని వెలుగివ్వకుండా చూస్తున్నాడు, కళ్లార్పకుండా చూడగలిగిన సూర్యుణ్ణి నమ్మకూడదని మా నాన్న అనేవాడు, ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు, మా ఇంట్లో ఎవరం ఏదీ అడిగేవాళ్లం కాదు, నేను అడిగింది ఒక్కసారే, కిందటేడు ఇదే కార్తీకంలో ఇదే బస్సులో వెళ్లి కొండమీది దేవిని అడిగాను, అడిగిన పంతొమ్మిదో రోజుకి ఇచ్చేసింది, ఇస్తే, మొక్కుకున్నప్పుడు గుడి దగ్గర కట్టిన దారం ముడి మళ్లీ వెళ్లి విప్పాలి, విప్పకపోతే మొక్కు మెడకి చుట్టుకుంటుందంటారు, అందుకే ఎక్కాను, లేకపోతే ఈ ముసలాళ్ల సంఘం యాత్రలు నాకెందుకు, పొలం గట్టున కూర్చుంటే పొద్దు పోదా, తిలక్‌రాజ్ మాస్టరు మెడలో ఈల వేలాడేసుకుని బస్సు తలుపు దగ్గర జాబితా చదువుతున్నాడు, రిటైరై పదిహేడేళ్లైనా హాజరు తీసుకోందే ఆయనకి రొట్టె దిగదు, పలకండి, పలకనివాళ్లకి ఆబ్సెంటు వేస్తా, మన వయసులో ఆబ్సెంటంటే ఏంటో తెలుసుగా, అన్నాడు, అందరూ నవ్వారు, కిందటేడు ఇరవై ఆరుగురం, ఈ ఏడు ఇరవై ఇద్దరం, హజారా సింగ్, ఉన్నాను మాస్టర్జీ, గట్టిగా పలకవయ్యా, గోధుమలు దాచినట్టు మాటలు దాస్తావేం, ఉన్నాను, అన్నాను మళ్లీ, బస్సు కదిలింది.

మా గోడకి అవతలి సత్యా భాభీ నా పక్కన కూర్చుంది, మోకాళ్ల మధ్య కర్ర, ఒళ్లో ముల్లంగి పరాఠాల డబ్బా, ఆ వాసన, మా ఆవిడ పర్సిన్ని ముల్లంగి తురిమి పిండి ఆ నీళ్లు గేదె తొట్టిలో పోసేది, ఏదీ పారబోసేది కాదు, పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయిన రోజున కూడా ఆమె చేతిలో సగం తురిమిన ముల్లంగి ఉంది, ఆరేళ్లు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది, గడియారం మోగకముందే లేచేవాణ్ణి, జడ వెయ్యడం నేర్చుకున్నాను, హజారా సింగ్ జడలేస్తున్నాడంట అని రచ్చబండ దగ్గర నవ్వారు, నవ్వనీ, గేదె పలుపు పేనినవాడికి జడెంత, ఆదివారాలు సత్యా భాభీ వచ్చి ఆమెకి నీళ్లు పోసేది, నేను బయట నిలబడి వినేవాణ్ణి, మాట పడిపోయిన మనిషితో భాభీ ఊళ్లో సంగతులన్నీ చెప్పేది, ఇప్పుడూ చెబుతూనే ఉంది, ఏం భాయీసాబ్, కిందటేడు నువ్వూ నేనూ పక్కపక్కన కూర్చునే కట్టాంగా ముళ్లు, పర్సిన్ని లేచి నడవాలని నేను, నువ్వూ అదేగా, ఆ తల్లి ఇద్దరి మాటా చెవిన పెట్టలేదు చూడు, అని ముక్కు చీదుకుంది, నేను కిటికీలోంచి కాలవ చూశాను, కాలవ నీళ్లలో కూడా ఆ రాగిబిళ్లే.

నువ్వూ అదేగా అంటే నేను అవునూ అనలేదు కాదూ అనలేదు, ఏడాదిగా అలాగే ఉన్నాను, నేను అడిగింది అది కాదు, తీసుకుపో తల్లీ అన్నాను, ఎవర్ని అనలేదు, ఆ తల్లికి తెలుసు, గురుద్వారాలో ఆ మాట నోటికి రాలేదు, అక్కడ ఇచ్చింది తలవంచి తీసుకోవడమే, వెనక్కి పట్టుకుపొమ్మని అడగడం ఉండదు, అందుకని సిక్కు తలపాగా కట్టుకున్న నేను దేవి కొండెక్కాను, ఆమె బాధ చూడలేకే అడిగానని నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే ఆ ఆఖరి ఏడు అన్నం పెట్టబోతే పర్సిన్ని ఎడమ చెయ్యి లేపేది, ఆ ఒక్క చెయ్యే లేచేది, అరచెయ్యి కిందికి తిప్పి కంచం మీద అడ్డంగా పెట్టేది, వేళ్లు కొంచెం ముడుచుకుని, చాలు అని, మొదటి ముద్ద కూడా పెట్టకముందే చాలు అని, నేను ఆ చెయ్యి పక్కకి తీసి ముద్ద కుక్కేవాణ్ణి, చాలన్నది అన్నం కాదు బతుకు అని అనుకున్నాను, అలా అనుకుంటే అడగడం తేలికైంది, పోయాక నిద్ర పడుతుందనుకున్నాను, రెండు గంటలకోసారి మెలకువ వస్తూనే ఉంది, తిప్పడానికి మనిషి లేదు.

మెట్లు, మాస్టరు ఈల, ఆగి ఆయాసపడే చోటల్లా ఎవరో ఒకరు తల్లికి జై అంటారు, అది భక్తో ఊపిరి తీసుకునే వంకో, దర్శనమయ్యాక గుడి వెనక్కి వెళ్లాం, నడుమెత్తు ఇనుప కమ్మీలు, కమ్మీలు కనబడకుండా ఎర్ర దారాలు, వానకి వెలిసి కొన్ని గులాబీ, కొన్ని తెల్లబడ్డవి, కోరిక తీరినవాళ్లు ఏదో ఒక ముడి విప్పాలి, ఎవరిదైనా ఒకటే, వేల ముళ్లలో తనదేదో ఎవరికి తెలుస్తుంది, తీరనివాళ్లు ముట్టుకోకూడదు, సత్యా భాభీ కర్ర కమ్మీకి ఆనించి గోళ్లతో ఒక ముడిని గిల్లుతోంది, ఏంటి భాభీ మీ మోకాళ్లు బాగయ్యాయా అన్నాడు మాస్టరు, ఎక్కడ, పర్సిన్నికొకటీ మోకాళ్లకొకటీ కట్టా, మోకాళ్లు అడిగితే కర్ర ఇచ్చింది, మరి కర్రకి విప్పండి, కర్ర నేనడిగానా, సగమే విప్పుతా, మిగతా సగం మోకాళ్లు వచ్చాక, అందరూ నవ్వారు, నవ్వుతూనే భాభీ నా వైపు తిరిగి గొంతు తగ్గించి, నువ్వు ముట్టుకోకు భాయీసాబ్, నీది తీరలేదుగా, ఆ మెట్టు మీద కూర్చో, అంది, మాస్టరు నా భుజం తట్టి, తల్లి లెక్క తల్లికుంటుందయ్యా అన్నాడు, ఆ ఇరవై మంది నన్ను ఎలా చూశారంటే ఎద్దు చచ్చిన రైతుని చూసినట్టు, దేవుడు వినని మనిషి వీడు అన్నట్టు, వాళ్లందరి కోరికలూ సగం తీరాయి, పావు తీరాయి, పొల్లు పోకుండా తీరింది నాదొక్కడిదే, ఆ జాలి కొత్త కంబళిలా ఒళ్లంతా గుచ్చుకుంది.

మెట్టు మీద కూర్చోలేదు, గుడివాళ్లు ఎప్పటికప్పుడు పాతవి కత్తిరించి తగలేస్తారంటారు, నాది పోయుంటే బాగుండనుకుంటూ వంగాను, కుళాయి వైపు నుంచి మూడో కమ్మీ, అడుగున, ఎవరికీ కనబడకూడదని కిందటేడు నేల మీద కూర్చుని కట్టాను, ఉంది, వేలల్లో తనది ఎవరికీ తెలియదంటారు, నాకు తెలిసింది, అన్నీ గట్టి ముళ్లు, పంటితో కొరికినా రానివి, పదికాలాలు నిలవాలని బిగించినవి, నాదొక్కటే జారుముడి, గేదెని కొయ్యకి కట్టే ముడి, గొడ్లపాకకి నిప్పంటుకున్నా వరదొచ్చినా కొస పట్టి ఒక్క గుంజు గుంజితే ఊడిపోయే ముడి, యాభై ఏళ్లు రోజుకి రెండుసార్లు వేసిన ముడి, దేవి ముందు కూడా చెయ్యి దాన్నే వేసింది, వదిలించుకోవడానికి వేసే ముడి, చేతికి ముందే తెలుసు, కొస పట్టుకున్నాను, లాగానో లేదో నాకు గుర్తులేదు, దారం నా వేళ్లలో ఉంది, అయ్యో భాయీసాబ్ అదేం పని, నీ కోరిక తీరలేదుగా, అంది సత్యా భాభీ వెనకనుంచి, నేను తిరిగి చూశాను, ఏడాదిగా దాచుకున్న మాట గోధుమ గింజంతే ఉంది, తీరింది భాభీ, అన్నాను.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు, నా మొహం చూసింది, వేళ్లలో దారం చూసింది, తర్వాత అర్థమైంది, కర్ర తీసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది, ఒక్కో మెట్టూ, కొండ దిగేదాకా, బస్సులో, తిరుగుదారిలో భోజనానికి ఆగే గురుద్వారా వచ్చేదాకా మాట్లాడలేదు, పరాఠాల డబ్బా మూత తియ్యలేదు, తిట్టినా బాగుండేది, ఆమె నీళ్లు పోసిన మనిషిని నేను పంపేశాను, ఏంటి భాభీ గొంతు కొండమీద మర్చిపోయారా అన్నాడు మాస్టరు, ఆమె కిటికీ వైపు తిరిగింది, చెప్పుల దగ్గర, కాళ్లు కడుక్కునే చోట, లోపల గురుగ్రంథం ముందు నుదురు నేలకి ఆనించినప్పుడు, నాకు ఆ సాయంత్రమే కనబడుతోంది, ఇన్నాళ్లూ రానివ్వని సాయంత్రం, కిందటేడు ముడి కట్టి ఇంటికొచ్చి ఇదే గురుద్వారా ప్రసాదం హల్వా ఆకు దొన్నెలో తెచ్చి పర్సిన్ని నోట్లో చిటికెడు పెట్టాను, చెయ్యి లేపుతుందని ఎదురుచూశాను, లేపలేదు, మింగి నా కళ్లలోకి చూసి మళ్లీ నోరు తెరిచింది, ఏడాదిలో మొదటిసారి, మళ్లీ పెట్టాను, మళ్లీ తెరిచింది, దొన్నె ఖాళీ అయ్యాక పెదవి మీద మిగిలిన నెయ్యి నాలికతో వెతుక్కుంది, ఆ తర్వాత పంతొమ్మిది రోజులూ రోజుకో ముద్ద ఎక్కువే తింది.

భోజనాల చాప మీద వరసలో కూర్చున్నాం, వేరే చోటు ఉన్నా సత్యా భాభీ నా పక్కనే కర్ర నేలమీద పెట్టి కష్టంగా కూర్చుంది, పప్పు వడ్డించారు, రొట్టెల తట్ట వరస వెంట వస్తోంది, నా దగ్గరికి రాగానే నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, అరచెయ్యి కిందికి తిరిగి కంచం మీద అడ్డంగా నిలిచింది, వేళ్లు కొంచెం ముడుచుకుని, అచ్చు అలాగే, భాభీ ఆ చేతిని చూసింది, ఆరేళ్ల ఆదివారాలు చూసిన చెయ్యి, నా మణికట్టు పట్టుకుని పక్కకి తీసింది, నేను పర్సిన్నిది తీసినట్టే, నా రెండు చేతులూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టించింది, అందులో రొట్టె పడింది, కాలుతూ, పర్సిన్నికి చాలలేదు, ఆమెకి ఇంకా ఆకలి ఉంది, చాలన్నది నేను, అని తెలిసి రొట్టె తుంచాను, భాభీ తనది తుంచింది, ఇద్దరం తలలు వంచుకుని, అంతా తిన్నాం.