తొడిమలు లేని బకెట్టు

ఆ కొండలోయలో కోడలి పనితనమంతా ఆమె అడవి నుంచి తెచ్చిన బకెట్టులో తేలిపోతుంది. ఎర్ర కరగాత్ పండ్లలో తొడిమ అన్నది కనిపించకూడదు. కనిపించిందా, ఆమె బద్ధకస్తురాలు. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గాని, తప్పిన కోడళ్ళ పేర్లు మాత్రం ఊరందరికీ తెలుసు.

సైకాల్ పేరు అందులో మొదటిది.

"మళ్ళీ గుత్తులతో తెచ్చావటే?" అత్త అనార్కాన్ బకెట్టులోకి తొంగిచూసింది. "పక్కింటి పిల్ల కొమ్మ మీదే దూసి గంటలో నింపేస్తుంది. నీకు పొద్దంతా కావాలి!"

"మధ్యలో షిల్బీ పొదలున్నాయి అత్తయ్యా. ఆ విషప్పండ్లూ ఎర్రగానే ఉంటాయి. కరగాత్ గుత్తిగా వేలాడుతుంది, షిల్బీ రెండేసి అంటుకుని కాస్తుంది. దూసేస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"నలభై ఏళ్ళుగా దూస్తున్నాను, చచ్చానా?"

దీనికి జవాబుంది. కాని కోడళ్ళు అంతకు మించి ఎదురు చెప్పే ఆచారం అక్కడ లేదు. సైకాల్ టీ పోసింది.

మర్నాడు ఉదయం అత్త తానే వెళ్ళి, దూసుకొచ్చి, నలుగురూ చూసేలా బకెట్టు గుమ్మంలో పెట్టింది. నలుగురికన్నా ముందు నాలుగేళ్ళ మనవరాలు, సైకాల్ కూతురు మీరిమ్ చూసింది. గుప్పెళ్ళతో తినేసింది.

మధ్యాహ్నానికి ఒకటే వాంతులు. పిల్లను చంకనేసుకుని, బకెట్టు పట్టుకుని సైకాల్ ఆసుపత్రికి పరిగెత్తింది. వెనకే అత్త.

"ఏం తింది?" అంది నర్సు. బకెట్టు చూసి తల పట్టుకుంది. "ఇంత శుభ్రం చేసి తెస్తే నేనేం పోల్చుకోను తల్లీ? తొడిమేది? ఆకేది?"

సైకాల్ బకెట్టు నేల మీద బోర్లించి వెతికింది. అట్టడుగున, అత్త పిడికిలి తప్పించుకున్న ఒక్క జంట, రెండు పండ్లూ అంటుకునే ఉన్నాయి. దాన్ని అత్త అరచేతిలో పెట్టింది. అనార్కాన్ "షిల్బీ" అంటూ దాన్ని నర్సుకు అందించింది; నర్సు వెంటనే తగిన మందు పట్టింది.

సాయంత్రానికి మీరిమ్ తేరుకుని రొట్టె, మీగడ కావాలని పేచీ పెట్టింది.

రెండు రోజుల తర్వాత పక్కింటావిడ గుమ్మంలో గుత్తుల బకెట్టు చూసి నవ్వింది. "మీ కోడలు ఇంకా దారికి రాలేదా, అనార్కాన్?"

"అవి నేను కోసినవి," అంది అనార్కాన్. "పొద్దంతా పట్టింది. పట్టనీ! ఊరి మెప్పు కోసం తొడిమలు లేకుండా దూసేసి, విషాన్ని పట్టిచ్చే ఆనవాలు మన చేత్తోనే పారేస్తున్నాం. పండు తొడిమతో కోయండి, తెలిసి చెప్పేది కోడలైనా సరే నోరుమూసుకుని వినండి."