గేటు దాటిన రాళ్ళు

అంజి ప్రాణం గేటు లోపల పోయిందా, గేటు బయట పోయిందా? ఆ రోజు ఆ క్వారీలో పెద్దమనుషులకు ఇంతకు మించిన ప్రశ్న లేదు. మనిషి ఎందుకు పోయాడని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఎందుకు పోయాడో పక్కనే పనిచేసే జలంధర్ కళ్ళారా చూశాడు. దోహాకు దక్షిణాన అల్ వక్రా ఊరు దాటాక, ఎడారిలో కంచె వేసుకున్న రాళ్ళ క్వారీ అది. ప్రపంచ కప్పుకు స్టేడియాలు లేస్తున్నాయి, రోడ్లు పడుతున్నాయి, ఎంత కంకర పోసినా దోహా ఆకలి తీరడం లేదు. అందుకే క్రషర్ బెల్టు ఆపకూడదని కంపెనీ హుకుం. బెల్టు కింద రాళ్ళు ఇరుక్కుంటే అది తిరుగుతుండగానే కిందికి దూరి పారతో లాగాలి. ఆ పొద్దున అంజి అలాగే దూరాడు. రోలరు ముందు చొక్కా చేతిని పట్టింది, తర్వాత చేతిని, ఆ తర్వాత మనిషిని.

సూపర్‌వైజర్ రత్నాకర్ పరిగెత్తుకొచ్చి బెల్టు ఆపాడు. భీమవరం వైపు మనిషి. తెలుగువాడే కదా అని కూలీలందరూ అతనికి కష్టం సుఖం చెప్పుకునేవారు. అంబులెన్సు లోపలికి రాదు, గేటు అవతల రోడ్డు మీదికి తీసుకెళ్ళండి అని అతనే తొందరపెట్టాడు. జలంధర్, ఇంకో ముగ్గురు అంజిని దుప్పట్లో వేసుకొని ఉరికారు. దారి పొడవునా నెత్తురు కారింది. రోడ్డు పక్కన దింపేసరికి అంజి కళ్ళు తేలేశాడు. అంబులెన్సు జాడ లేదు. దానికి అసలు ఫోనే పోలేదని గేటు వాచ్‌మన్ మెల్లిగా చెప్పాడు.

వెనక్కి వచ్చేసరికి బెల్టు మళ్ళీ తిరుగుతోంది. రత్నాకర్ నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ ఖాసీంను పిలిచి, బెల్టు దగ్గర నుంచి గేటు దాకా దారంతా తడపమంటున్నాడు. దుమ్ము అణగడానికట.

దుమ్ముకు కాదు, నెత్తుటికని జలంధర్‌కు అర్థమైంది. అతనిది జగిత్యాల పక్క పల్లె. దొరల కాలం ముచ్చట్లు ముసలివాళ్ళ నోట విని పెరిగినవాడు. దొర ఉండే గడీలో దెబ్బలకు ఎవడైనా చస్తే దొర మనుషులు ఆ పీనుగును పక్క ఊరి శివారులో పడేసి వచ్చేవారు. పంచనామా ఆ ఊరి మెడకు చుట్టుకునేది, దొర గడపకు మచ్చ అంటేది కాదు. ఆ పాత విద్య సముద్రం దాటి ఇక్కడికీ వచ్చింది. అప్పుడు పీనుగును మోసింది వెట్టివాళ్ళు. ఇప్పుడు మోసింది తన చేతులు. ఆ చేతుల వంక చూసుకుంటే అతనికి అసహ్యం వేసింది.

మధ్యాహ్నం మెస్ షెడ్డులో ఎవరూ అన్నం ముట్టలేదు. మాటా మాటా పెరిగింది. కంచె లోపలి భూమి సర్కారు దగ్గర లీజుకు తీసుకున్న విదేశీ కంపెనీది. కూలీలేమో దోహా నగరంలో ఉమ్ ఘువైలినా పేటలో ఆఫీసున్న మనుషుల సప్లయి కంపెనీ వాళ్ళు. వాడు నా మనిషి కాదని క్వారీ కంపెనీ అంటుంది, అది నా జాగా కాదని సప్లయి కంపెనీ అంటుంది. లోపల చచ్చాడని తేలితే విచారణ, క్రషర్ బంద్. రోడ్డు మీద చచ్చినవాడు ఎవరికీ ఏమీ కాడు. ఎంబసీకి పోదామని ఒకడన్నాడు. నోరెత్తితే రేపే ఇంటికి పంపుతారు, బతికున్నవాళ్ళ సంగతి చూసుకోండని ఇంకొకడు కసిరాడు.

ముసలి ఫిట్టర్ ఇక్రాముద్దీన్ అంతా విన్నాడు. అతని తాత ఇంగ్లీషువాళ్ళ కాలంలో హైదరాబాదు నుంచి ఇక్కడి చమురు బావుల పనికి వచ్చినవాడు.

"మా దాదా చెప్తుండె. బావి మీదికెల్లి పడి ఒక కూలీ సచ్చిండు. జాగా కంపెనీకి రాసిచ్చిన జాగా. మనిషి హిందుస్తాన్ మనిషి. నా కోర్టు కచేరీల ఫైసల్ చేస్తనని ఇంగ్లీష్ ఆఫీసర్, నా గడ్డ మీద నీ కచేరీ ఏందని షేక్ మనుషులు. ఓడల మీద చిట్ఠీలు తిరిగినయి. ఎవని కచేరీ నడుస్తే నూనె వానిది, అందుకే ఆ లొల్లి. వాడెట్ల సచ్చిండని మాత్రం ఏ చిట్ఠీల లేదు."

అప్పుడు ఖాసీం నోరు విప్పాడు. అతనిది కడప దగ్గర పల్లె, మాట తక్కువ.

"నేను నీళ్ళు చల్లలేదప్పా. వాల్వు పట్టేసిందని చెప్పినా. రత్నాకర్ ఇంకో ట్యాంకర్ పిలిపిస్తాండాడు. అది వచ్చేలోపల ఏం చేస్తారో చేసుకోండి."

అంతలో జలంధర్ ఫోను మోగింది. ఊరి నుంచి అంజి తల్లి బాలవ్వ. ఆమెకు గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే. రత్నాకర్ ఆమెకు అప్పుడే ఫోను చేసి, మీవాడు తాగి రోడ్డు మీద పడి గుండె ఆగి పోయాడని చెప్పేశాడు.

"బిడ్డా, నా కొడుకు దుబాయ్‌ల తాగి సచ్చిండంటున్నరు. నువ్వు పక్కనే ఉంటివి గద. యాడ పడ్డడు వాడు?"

జలంధర్ మళ్ళ చేస్తనవ్వా అని పెట్టేశాడు. బతికినన్నాళ్ళు కల్లు చుక్క ముట్టనివాడికి చచ్చాక తాగుబోతు పేరు. కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవరు? అతను లేచి బయటికి నడిచాడు.

జలంధర్ వాళ్ళ ఊళ్ళలో ఎవరైనా దెబ్బచావు చచ్చినచోట రాయి పెడతారు. అటుగా పోయేవాళ్ళు తలా ఒక రాయి వేస్తారు, ఆ జాగా మాసిపోకుండా. జలంధర్ బెల్టు కింద అంజి పడినచోట ఒక రాయి పెట్టాడు. రాళ్ళకేం కరువు, చుట్టూ ఉన్నవి అవే. నెత్తురు చుక్క కనబడినచోటల్లా ఇంకొకటి పెట్టుకుంటూ పోయాడు. వెనక నుంచి ఒక్కొక్కరే వచ్చారు. జగిత్యాల వాళ్ళకు చెప్పే పని లేకపోయింది. నేపాలీలు, బెంగాలీలు చూసి అర్థం చేసుకున్నారు. ఇంటికి పంపుతారని కసిరినవాడు కూడా ఒక పెద్ద రాయి ఎత్తుకొచ్చాడు. బెల్టు దగ్గర నుంచి గేటు దాకా, గేటు దాటి దుప్పటి కింద పడుకున్న అంజి దాకా రాళ్ళ వరుస సాగింది. కొత్త ట్యాంకర్ వచ్చేసరికి ఆ వరుసకు అటూ ఇటూ మనుషులు నిలబడి ఉన్నారు. బెల్టు ఖాళీగా తిరుగుతోంది.

రత్నాకర్ వీసాల మాట ఎత్తాడు, జైలు మాట ఎత్తాడు. ముందు ఆ రాళ్ళు తీసెయ్యండన్నాడు.

"నువ్వు మొయ్యమంటే మోసినం సార్," అన్నాడు జలంధర్. "నీ మాట నమ్మి మా అంజిని శివారు దాటించినం. ఇగ నీ మాట మీద ఒక్క రాయి కదలది."

రోడ్డు మీది శవం కోసం వచ్చిన పోలీసు అధికారి ఆ రాళ్ళ వరుస చూసి ఆగాడు. ఎవరు పెట్టారు, ఎందుకని అడిగాడు. ఇక్రాముద్దీన్ తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు. రోడ్డు మీదే కదా కేసు అని కంపెనీ మేనేజరు అడ్డం వచ్చినా, అధికారి వరుస వెంట వెనక్కి నడిచాడు. బెల్టు దగ్గర వంగి చూసి, ఆపమన్నాడు. మేనేజరు రత్నాకర్ వైపు చూశాడు, రత్నాకర్ నేల వైపు చూశాడు. ఇక్రాముద్దీన్ పోయి ఎర్ర బొత్తాం నొక్కాడు. అది నొక్కడానికి ఇన్నాళ్ళూ ఏ కూలీకీ అనుమతి లేదు. బెల్టు ఆగింది. రోలరు సందులో అంజి చొక్కా చెయ్యి ఇంకా ఇరుక్కునే ఉంది.

అధికారి ఫొటోలు తీయించాడు. లోపల, బెల్టు కింద అని రాసుకున్నాడు. మేనేజరు ఊరుకోలేదు. పని ఆపించింది వీడేనని జలంధర్‌ను చూపించాడు. ఈ దేశంలో కూలీ పని ఆపితే నేరం. అధికారి అదీ రాసుకున్నాడు.

జీపు ఎక్కేముందు జలంధర్ ఒక్క ఫోను చేసుకుంటానని సైగ చేశాడు.

"అవ్వా, పనిల సచ్చిండు. బెల్టు కింద పడ్డడు. నేనే చూసిన. తాగలే, ఎవరన్నా అంటే నా పేరు చెప్పు."

అవతల బాలవ్వ ఏడుపు కట్టలు తెంచుకుంది. జలంధర్ కూడా ఏడ్చాడు, సిగ్గుపడలేదు.

జీపు కదిలింది. వెనక మేనేజరు యల్లా యల్లా అని కూలీలను పనికి తరుముతూ అరుస్తున్నాడు. క్రషర్ మోత ఎప్పుడు మొదలవుతుందా అని జలంధర్ చెవులు రిక్కించాడు. గేటు దాటారు. మోత లేదు. కంకర కోసం వచ్చిన లారీలు గేటు బయట నిలిచిపోయి ఉన్నాయి. ఖాసీం లారీ డ్రైవర్లకు చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. వాళ్ళు ఒక్కొక్కరే దిగి, వంగి, తలా ఒక రాయి ఏరుకుంటున్నారు.